మూత్రపు సంచీ పక్కనే వేలాడుతుండగా "సుబ్బూహున్ ఖుద్దూస్" అనవచ్చా? అమ్మ నమాజు మానేసింది

లెక్కల_టీచరు (ప్రశ్న)

అస్సలాము అలైకుమ్. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపిక పట్టండి. హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని, మెట్లు వదిలేసి జవాబు దగ్గరికి దూకడం నాకు చేతకాదు.

అమ్మకు 79 ఏళ్లు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పనిచేయడం లేదు. మాట ముద్దగా వస్తుంది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. మొన్న మా అమ్మాయి ఇంటిఖర్చు కూడుతుంటే మంచం మీది నుంచే తప్పు పట్టుకుంది. మూత్రం మీద పట్టు తప్పింది కాబట్టి గొట్టం వేసి సంచీ తగిలించారు. ఇప్పట్లో తీయడం కుదరదన్నారు.

అమ్మ ఎలాంటి మనిషో చెప్పకపోతే ప్రశ్న అర్థం కాదు. వుజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవడం) విషయంలో ఇంట్లో ఎవరినీ నమ్మేది కాదు. చిన్నప్పుడు మేము కుళాయి దగ్గర నుంచి వస్తుంటే ముఖాలు చూసేది కాదు, మడమలు చూసేది. గోరంత పొడిమచ్చ కనబడినా వెనక్కి పంపేది. వుజూలో తడవని మడమలకు నరకాగ్ని ఉందన్న హదీసు (ప్రవక్త మాట) మాకు ఎక్కాలకంటే ముందే నోటికి వచ్చింది. రుకూలో (నడుము వంచి), సజ్దాలో (నుదురు నేలకు ఆనించి) అందరూ అనే తస్బీహ్ (దైవస్తుతి) తరువాత ఆమె మరొకటి కలిపేది: "సుబ్బూహున్ ఖుద్దూసున్ రబ్బుల్ మలాయికతి వర్రూహ్". పెదవులు మాత్రమే కదిలేవి. పక్కన నిలబడ్డ నాకు ఆ "ఖుద్దూస్" ఒక్కటీ గొంతు అడుగు నుంచి వినబడేది. అర్థం అడిగితే "పరమ పవిత్రుడు, దైవదూతలకూ రూహ్ అనే ఆత్మ‌కూ ప్రభువు" అని చెప్పి, "ఇది అన్నప్పుడు నా ఒళ్లు నాకే బరువుండదే" అనేది.

ఆ మనిషి ఇప్పుడు నమాజు చేయడం లేదు. మొదట్లో మందుల మత్తు అనుకున్నాం. తరువాత అలసట అనుకున్నాం. పోయిన వారం నేను తెగించి అడిగాను. కుడిచేత్తో సంచీని చూపించి, "దీన్ని పక్కన పెట్టుకుని ఖుద్దూస్ ముందుకు ఏ ముఖంతో వెళ్లను?" అంది. అంతే, అటు తిరిగి పడుకుంది.

పలకరించడానికి వచ్చిన దగ్గరి బంధువు ఒకరు, "పాకీ (శుద్ధి) లేనిదే నమాజు లేదు కదమ్మా, మనసులో తలుచుకుంటే చాల్లే" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. ఆమె అప్పటికే దగ్గరకు వేసుకున్న తలుపుకు ఆ మాట గడియ పెట్టింది.

నాకు రెండు సందేహాలు. మొదటిది, ఇలాంటి రోగికి ధర్మశాస్త్రం ఏమంటుంది? ఇది తేలికైనదే, మీలో ఎవరో ఒకరు చెప్పగలరు. రెండోదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. అల్లాహ్ సమస్త కల్మషాలకూ అతీతుడంటాం. అలాంటప్పుడు మన ఒంటి మురికి ఆయన దాకా ఎలా పోతుంది? పోకపోతే మోచేతుల దాకా, చీలమండల దాకా కడగమని అంత పట్టుదల దేనికి? రెండు వాక్యాలూ నిజమే అయితే వాటిని కలిపే మూడో వాక్యం ఒకటి ఉండాలి. అది నాకు దొరకడం లేదు.

అమ్మను బుజ్జగించే మాటలు రాయకండి, దయచేసి. వెంటనే పట్టేస్తుంది.

---

ఫిఖ్హ్_విద్యార్థి

వ అలైకుముస్సలామ్, టీచర్ గారూ. నేను పండితుణ్ణి కాను, ఇంకా ఫిఖ్హ్ (ధర్మశాస్త్రం) చదువుకుంటున్నవాణ్ణి. అయినా మీ మొదటి ప్రశ్నకు జవాబు చాలా పాతది. మీ అమ్మగారు అడిగిన ప్రశ్ననే దాదాపు అవే మాటలతో ఒక సహాబియా (ప్రవక్త శిష్యురాలు) దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ముందే అడిగారు. ఆమె ఫాతిమా బిన్త్ అబీ హుబైష్ (ర, అంటే అల్లాహ్ ఆమెను మెచ్చుగాక). నెలసరి కాని రక్తం ఆమెకు ఆగకుండా వచ్చేది. "నేను శుద్ధి కావడమే లేదు, నమాజు వదిలేయనా?" అని అడిగారు. "వద్దు, అది ఒక నరం నుంచి వచ్చే రక్తం మాత్రమే" అన్నారు ప్రవక్త (స). నెలసరి రోజుల్లో ఆగమనీ, అవి పోయాక రక్తం కడుక్కుని నమాజు చేయమనీ చెప్పారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

మూత్రం ఆగనివారికీ, గాయం మూతపడనివారికీ ఫుఖహా (ధర్మశాస్త్ర పండితులు) ఇదే ఆధారంగా తీర్పు చెప్పారు. ఇలాంటివారిని "మాజూర్" అంటాం, అంటే సాకు చెల్లేవారు. పద్ధతి ఇది. నమాజు వేళ ప్రవేశించాక వుజూ చేయించండి. ఆ తరువాత గొట్టంలోంచి ఎంత కారుతున్నా ఆ కారణంగా వుజూ పోదు. హనఫీ పద్ధతిలో ఆ వేళ ముగిసేదాకా ఫర్జు (విధి), సున్నతు (ప్రవక్త ఆచారం) నమాజులు ఎన్నయినా చదువుకోవచ్చు. షాఫిఈ పద్ధతిలో ప్రతి ఫర్జుకూ వేరుగా వుజూ చేయాలి. గాలి పోవడం వంటి వేరే కారణం వస్తే మాత్రం మామూలుగానే వుజూ పోతుంది. సంచీ ఒంటిని అంటిపెట్టుకుని ఉన్నా నమాజు చెల్లుతుంది, ఎందుకంటే దాన్ని తీయడం ఆమె చేతిలో లేదు.

నిలబడలేని సంగతికి కూడా హదీసు ఉంది. ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర)కు మూలవ్యాధి ఉండేది. "నిలబడి చదువు, చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి పడుకుని" అన్నారు ప్రవక్త (స). ఖలీఫా ఉమర్ (ర)ను ఫజ్ర్ (తెల్లవారుజాము) నమాజులో పొడిచాక, "నమాజు వదిలినవాడికి ఇస్లాంలో వాటా లేదు" అని, గాయం నుంచి రక్తం కారుతుండగానే ఆయన నమాజు చేశారు.

మీ అమ్మగారికి వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది మరొకటి ఉందని నాకు అనిపిస్తోంది. ప్రవక్త (స) భార్యల్లో ఒకరు అదే రక్తస్రావంతో ఉండి, ఆయనతో కలిసి మస్జిదులో ఏతికాఫ్ (ఆరాధన కోసం మస్జిదులోనే ఉండిపోవడం) కూర్చున్నారు. కొన్నిసార్లు కింద పళ్లెం పెట్టుకునేవారని ప్రవక్త (స) భార్య ఆయిషా (ర) చెప్పారు. ఇదీ బుఖారీలోదే. మస్జిదు లోపల, ఏతికాఫ్‌లో, కింద పళ్లెంతో. సంచీకీ పళ్లేనికీ తేడా ఏముందో నాకైతే కనబడదు.

ఈ నాలుగు నెలల్లో తప్పిన నమాజులకు ఖజా (తప్పినదాన్ని తరువాత పూడ్చుకోవడం) చదవాలన్నది అధికశాతం పండితుల మాట. ఆ లెక్క ఇప్పుడే ఆమె ముందు పెట్టకండి. ముందు ఒక్క పూట మొదలుకానివ్వండి.

---

తెల్లకాగితం

నాకు ఒకటే అనిపిస్తుంది. శుద్ధి అంటే మనసుదే. నీళ్లు, మట్టి అన్నీ సంకేతాలు మాత్రమే. పెద్దావిడను ఇంత ఇబ్బంది పెట్టడం దేనికి? నీళ్ల సంగతి పక్కన పెట్టి జిక్ర్ (దైవస్మరణ) చేసుకోమనండి. అల్లాహ్ హృదయాలు చూస్తాడు.

---

పాత_పలక

పై సోదరుడి మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ బంధువు అన్నదీ ఇదే. అరవై ఏళ్లు మడమలు తడిపిన మనిషితో "నీళ్లు సంకేతం మాత్రమే" అంటే, "అమ్మా, నువ్వు ఇన్నాళ్లూ చేసింది ఉత్త ఆట" అన్నట్టు వినబడుతుంది. శుద్ధి లేకుండా నమాజు అంగీకరించబడదని ముస్లింలో స్పష్టంగా ఉంది. ఫిఖ్హ్ విద్యార్థి చెప్పిన సడలింపు ఆ షరతును కొట్టిపారేయలేదు. ఈ రోగికి ఆ షరతు ఎలా నెరవేరుతుందో చెప్పింది. ఆ బంధువు అన్నది తలుపు మూసే మాట, ఈయన చెప్పింది వెడల్పు చేసే మాట.

ఇక టీచరమ్మా, మీ మూడో వాక్యం. నేను ముప్పై రెండేళ్లు అరబ్బీ వ్యాకరణం చెప్పి విరమించినవాణ్ణి. మాటలోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ మొదలుపెట్టడం నాకు రాదు.

"ఖుద్దూస్" అనే పేరు ఖుర్ఆన్‌లో రెండే చోట్ల వస్తుంది. 59వ సూరా (అధ్యాయం) 23వ ఆయతు (వాక్యం)లో ఒకసారి, 62వ సూరా మొదటి ఆయతులో ఒకసారి. రెండు చోట్లా దాని ముందున్న పేరు ఒకటే, "అల్ మలిక్", రాజు. రాజు అనగానే మనకు కోటగోడలు, కాపలాదార్లు, మాసిన బట్టలవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపేసే దర్బారు గుర్తొస్తాయి. మీ అమ్మగారు నిలబడిపోయింది సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే. కానీ 62వ సూరాలో ఇంకొక్క ఆయతు ముందుకు వెళ్లండి. రాజు, ఖుద్దూస్, సర్వశక్తిమంతుడు, వివేకవంతుడు అన్న వెంటనే ఏం చెప్పాడు? చదువురాని జనం మధ్య వారిలోనుంచే ఒక ప్రవక్తను లేపాడనీ, ఆ ప్రవక్త వారికి ఆయన వాక్యాలు వినిపించి "వ యుజక్కీహిమ్", వారిని పరిశుద్ధపరుస్తాడనీ చెప్పాడు. ఖుద్దూస్ అన్న పేరు తరువాత మొదట జరిగిన పని మురికివాళ్లను వెళ్లగొట్టడం కాదు. వాళ్లను కడగడానికి మనిషిని పంపడం.

మీరు అడిగిన రెండు వాక్యాల మధ్య ఉండవలసింది ఇదే అని నా నమ్మకం. శుద్ధి అనేది మనం సంపాదించి దర్బారు గుమ్మంలో చెల్లించే రుసుము కాదు, అవతలి నుంచి ఇవతలికి వచ్చేది. వుజూ ఆయతునే చూడండి, 5వ సూరా 6వది. ముఖం, చేతులు, తల, కాళ్లు అన్నీ చెప్పి, నీళ్లు దొరకకపోతే మట్టి అని చెప్పి, చివరికి ఎందుకో కూడా చెప్పాడు: మిమ్మల్ని ఇబ్బందిలో పెట్టాలని అల్లాహ్ కోరడు, మిమ్మల్ని పరిశుద్ధపరచాలనీ తన అనుగ్రహం మీపై పూర్తి చేయాలనీ కోరుతున్నాడు. కడిగేది మనం, శుద్ధి చేసేది ఆయన. క్రియకు కర్త ఎవరో చూడమని పిల్లలకు చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది!

ఆ ఆయతులోనే మట్టి ఉంది చూశారా? మట్టి మురికిని పోగొట్టదు, ఇంకాస్త అంటిస్తుంది. అయినా తయమ్ముమ్ (మట్టితో చేసే శుద్ధి)‌తో మనిషి శుద్ధుడవుతాడు. అంటే శుభ్రత వేరు, తహారత్ (నమాజుకు కావలసిన శుద్ధి) వేరు. నీళ్లతో రెండూ కలిసివస్తాయి కాబట్టి మనకు తేడా తెలియదు. మట్టి దగ్గర విడిపోతాయి. మనం శుభ్రంగా కనబడటమే కావలసింది అయితే మట్టి ముట్టుకోమని చెప్పేవాడు కాదు. చెప్పినట్టు చేయడం కావాలి. నీళ్లున్నప్పుడు నీళ్లు, లేనప్పుడు మట్టి, గొట్టం ఉన్నప్పుడు గొట్టంతోనే. ప్రవక్త శిష్యుడు అమ్మార్ (ర) ఒకసారి ప్రయాణంలో జనాబత్ (స్నానం తప్పనిసరైన) స్థితిలో నీళ్లు దొరక్క, స్నానానికి బదులు కదా అని, పశువు పొర్లినట్టు నేల మీద పొర్లారు. ప్రవక్త (స) నేల మీద చేతులు ఒక్కసారి తట్టి, ఊది, ముఖమూ చేతులూ తుడుచుకుని, ఇది చాలునన్నారు. ఎక్కువ చేస్తే ఎక్కువ శుద్ధి అన్న లెక్క అక్కడే కొట్టివేయబడింది.

మన మురికి ఆయన దాకా పోతుందా అన్నారు. పోదు. అసలు ఆ భయంలోనే చిన్న పొరపాటు ఉంది, ఖుద్దూస్‌ను తెల్లబట్టలు కట్టుకుని మన పక్కన కూర్చున్న పెద్దమనిషిగా ఊహించుకోవడం. దైవనామాలను వివరిస్తూ పాతకాలపు పండితుడు గజాలీ ఈ పేరు దగ్గర ఒక చురక వేశాడు. అల్లాహ్ లోపాలు లేనివాడు అనడం కూడా మర్యాద కాదట. "మా దేశపు రాజు నేతగాడు కాడు, రక్తం తీసే వైద్యుడు కాడు" అని ఎవరైనా రాజును పొగుడుతారా అన్నాడు. మనం పరిపూర్ణత అని దేన్ని ఊహిస్తామో దానికి కూడా ఆయన అతీతుడని, అదే ఈ పేరుకు అర్థమని రాశాడు. అంతటివాడికి ఒక ప్లాస్టిక్ సంచీ అడ్డమా?

ప్రవక్త మూసా (అలైహిస్సలామ్)ను తువా లోయలో, "అల్ వాదిల్ ముఖద్దస్" (పవిత్ర లోయ)లో, చెప్పులు విడవమన్నాడు. అదీ ఈ ధాతువే. విడవగలిగినవి చెప్పులు కాబట్టి విడవమన్నాడు, కాళ్లు విడిచి రమ్మనలేదు.

నా సంగతి ఒకటి చెబుతాను, అప్రస్తుతమైతే క్షమించండి. ఇరవై ఏళ్ల వయసులో నాకు వస్వాసు పట్టుకుంది. చెయ్యి తడిసిందో లేదో అని కుళాయి దగ్గర అరగంట నిలబడేవాణ్ణి. జమాఅత్ (సామూహిక నమాజు) అయిపోయేది. నా గురువు ఒకరోజు ఏమీ అనకుండా చిన్న ముంత ఒకటి చేతిలో పెట్టి, "ఇవాళ్టి నుంచి నలభై రోజులు ఇంతే" అన్నారు. ప్రవక్త (స) వుజూ చేసింది ఒక "ముద్" (పాతకాలపు కొలత) నీళ్లతో, అంటే మామూలు మనిషి రెండు చేతులూ కలిపి పట్టిన ఒక్క దోసిలి నిండేంత. మొదటి వారం ఏడుపొచ్చింది. నీళ్లు అయిపోయేవి, అనుమానం అయిపోయేది కాదు. మూడో వారానికి అనుమానమే ముందు అలసిపోయింది. మీ అమ్మగారిది వస్వాసు అనను, ఆమెది సిగ్గు, చాలా గౌరవించదగిన సిగ్గు. అయితే రెండూ మనిషిని ఒకే చోట ఆపేస్తాయి.

---

రాత్రి_డ్యూటీ

టీచర్ గారూ, నేను నర్సును. పక్షవాతం రోగుల వార్డులో పదకొండేళ్లుగా చేస్తున్నాను. మతం సంగతి పెద్దలు చెప్పారు, మంచం దగ్గరి పనులు నేను చెబుతాను.

వేళ అయ్యాక మొదట సంచీ ఖాళీ చేయండి, ఆ తరువాత వుజూ. ఖాళీ చేసిన సంచీని చూస్తే వాళ్ల ముఖాలే మారతాయి. సంచీ ఎప్పుడూ నడుము మట్టానికి కిందే వేలాడాలి. నమాజుకు కనబడకూడదని మంచం మీదకు ఎత్తి దుప్పటి కింద దాచకండి, మూత్రం వెనక్కి పోతే జ్వరం తెచ్చుకుంటారు. దాచాలంటే ఒక గుడ్డ తొడుగు కుట్టి సంచీకి వేయండి. నేను చూసిన ఒక ముసలమ్మ దానికి పూలగుడ్డతోనే కుట్టాలని పట్టుబట్టింది.

పెద్ద తువ్వాలు పరిచి, చిన్న గిన్నెతో కొంచెం కొంచెంగా పోయండి. ఎడమవైపు స్పర్శ సరిగా ఉండకపోవచ్చు కాబట్టి నీళ్ల వేడి ముందు మీ మణికట్టు మీద చూసుకోండి. కాలివేళ్ల మధ్య తడి ఉండిపోకుండా అద్దండి, పడుకునే ఉండేవాళ్లకు అక్కడే చర్మం చెడుతుంది. ఇంకొకరు నీళ్లు పోస్తే వుజూ అవుతుందా అని చాలామంది అడుగుతారు. తబూక్ ప్రయాణంలో ముగీరా (ర) పోస్తుంటే ప్రవక్త (స) వుజూ చేశారని మా వార్డుకు వచ్చే ఒక పెద్దాయన చెప్పారు. ఆ మాట నేను ఎందరికో అప్పజెప్పాను.

మంచం తిప్పగలిగితే ఖిబ్లా (మక్కా దిక్కు) వైపు తిప్పండి. కుదరకపోతే తలగడతో తల కాస్త ఎత్తండి. రుకూకు తల కొద్దిగా, సజ్దాకు ఇంకొంచెం వంచితే చాలు.

చివరగా ఒకటి. శుభ్రం చేసేటప్పుడు మీ ముఖం ఎలా ఉంటుందో అద్దంలో చూసుకోండి. వాసనకు ముక్కు చిట్లించడం మనకు తెలియకుండానే జరుగుతుంది. మాటరాని రోగులు కూడా దాన్ని చదివేస్తారు. "నేను మురికి" అన్న మాట వాళ్లు చాలాసార్లు మన ముఖాల మీద నుంచే నేర్చుకుంటారు. నేను కొత్తలో ఇది చేశాను, అందుకే రాస్తున్నాను.

---

లెక్కల_టీచరు

అందరికీ జజాకల్లాహు ఖైరన్. నిన్న ఇషా (రాత్రి నమాజు) తరువాత అమ్మ పక్కన కూర్చుని ఫోనులో ఇవన్నీ చదివి వినిపించాను. నర్సమ్మ గారి చివరి పేరా చదవలేదు. అది నాకే తగిలింది. అద్దం అక్కర్లేకుండానే తెలిసింది.

ఫాతిమా బిన్త్ అబీ హుబైష్ (ర) దగ్గర కళ్లు తెరిచి చూసింది. పళ్లెం సంగతి రెండుసార్లు చదివించుకుంది. గజాలీ నేతగాడి దగ్గర నవ్వింది కూడా, కుడివైపు మాత్రమే కదిలే నవ్వు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు ఒక మాట అంది. ముద్దమాట, నాకు పూర్తిగా అందడానికి మూడుసార్లు చెప్పింది. "నమాజు చెల్లుతుంది, సరే. కానీ ఇన్నేళ్లూ నేను పాక్‌గా ఉన్నాననుకున్నాను. ఈ సంచీలో ఉన్నది అప్పుడూ నా కడుపులోనే ఉంది కదా. కనబడేది కాదు, అంతే. కడుక్కుని వచ్చి మీ మడమలు చూసేదాన్ని."

దీనికి నేనేం చెప్పాలి? నాకు ఏమీ తోచలేదు. కాళ్లు పట్టి కూర్చున్నాను.

---

పాత_పలక

టీచరమ్మా, ఇది రాత్రి చదివి తెల్లవారి రాస్తున్నాను. వెంటనే రాయడానికి మనసొప్పలేదు.

మన పాతవాళ్లలో ఒక పుణ్యపురుషుడు పట్టుబట్టల్లో ఒళ్లు విరుచుకుని నడిచే సేనానితో అన్న మాట ఒకటుంది: నీ మొదలు నీటిబొట్టు, చివర శవం, మధ్యలో నువ్వు మోసేది మలం. ఆ మాట గర్విష్ఠికి మందు. మంచంలో ఉన్న మనిషికి విషం. మీ అమ్మగారు ఆ మాటను తనకు తానే చెప్పుకుంటున్నారు, మోతాదు మించి.

ఆమె కనిపెట్టింది అబద్ధం కాదు. "మిమ్మల్ని మీరు పరిశుద్ధులమని చెప్పుకోకండి" అని 53వ సూరా 32వ ఆయతు. ఆ వాక్యానికి ముందు ఏముందో ఆమెకు చదివి వినిపించండి. మిమ్మల్ని మట్టి నుంచి పుట్టించినప్పుడూ, మీరు మీ తల్లుల కడుపుల్లో పిండాలుగా ఉన్నప్పుడూ మీ గురించి ఆయనకు బాగా తెలుసు అని ఉంది. ఆమె ఈ నాలుగు నెలల్లో తెలుసుకున్నది ఆయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే అరవై ఏళ్లు రోజుకు ఐదుసార్లు రమ్మన్నాడు. పిలిచినవాడికి తెలియకుండా ఆమె ఏదీ దాచుకుని వెళ్లలేదు.

24వ సూరా 21వ ఆయతు కూడా. అల్లాహ్ అనుగ్రహమూ కారుణ్యమూ మీపై లేకపోతే మీలో ఏ ఒక్కరూ ఎన్నటికీ పరిశుద్ధులయ్యేవారు కాదు, ఆయనే తాను కోరినవారిని పరిశుద్ధపరుస్తాడు. ఆయిషా (ర) మీద అపనింద వేసిన సందర్భంలో వచ్చింది ఇది. నోళ్లు మైలపడిన ఒక ఊరితో అన్న మాట. "ఏ ఒక్కరూ" అన్నదాంట్లో మీ అమ్మగారితో పాటు నేనూ ఉన్నాను, ముంత పట్టుకుని.

ఇంకొకటి, అబూ హురైరా (ర) సంగతి. ఒకసారి దారిలో ప్రవక్త (స) ఎదురైతే, తాను జనాబత్‌లో ఉన్నానని పక్కకు తప్పుకున్నారు. స్నానం చేసి తిరిగి వచ్చాక ఎక్కడికి వెళ్లావని అడిగితే, శుద్ధి లేకుండా మీ దగ్గర కూర్చోవడం ఇష్టంలేక అన్నారు. "సుబ్హానల్లాహ్! విశ్వాసి నజిస్ (అపవిత్రుడు) కాడు" అన్నారు ప్రవక్త (స). స్నానం అనవసరమని అనలేదు, గమనించండి. తప్పుకుని పోవడాన్నే వింతగా చూశారు. మీ అమ్మగారు ఇప్పుడు ఆ దారి పక్కన ఉన్నారు.

మడమల సంగతికి ఆమె సిగ్గుపడనక్కరలేదు. ఆమె చూసినవి కడగగలిగిన మడమలు.

---

లెక్కల_టీచరు

నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. "ఇంకా ఏమైనా రాశారా" అని రోజూ అమ్మే అడుగుతోంది కాబట్టి చెప్పడం బాకీ.

53వ సూరా ఆయతు చదివిన రోజు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు అస్ర్ (సాయంత్రం నమాజు) వేళకు కుడిచెయ్యి చాచింది. నాకు అర్థం కాలేదు. చేతిని బోర్లా, వెల్లకిలా తిప్పి చూపించాక తెలిసింది, నీళ్లు పోయమని. సంచీ ఖాళీ చేసి, చెప్పినట్టే తువ్వాలు పరిచి పోశాను. ఎడమ కాలు కడుగుతుంటే "మడమ తడిసిందా? నాకు తెలియడం లేదు" అంది. తడిసిందన్నాను. "మళ్లీ చూడు" అంది. చూశాను. నిజంగానే కింద ఒక పక్క పొడిగా ఉంది.

అప్పటి నుంచి అన్ని పూటలూ చదువుతోంది. ఫజ్ర్ ఒక్కటి ఒకరోజు నిద్రమాత్ర వల్ల తప్పింది, లేచాక ఖజా చదివింది. పూలగుడ్డ అడగలేదు, పాత దిండుగలీబు చింపి తొడుగు కుట్టాను.

పాత పలక గారికి చిన్న సంగతి. విత్ర్ (రాత్రి చివరి నమాజు) తరువాత ఆమె ఎప్పుడూ "సుబ్హానల్ మలికిల్ ఖుద్దూస్" మూడుసార్లు అనేది, మూడోసారి గొంతు పెంచి. అలా పెంచడం సున్నతు అని నాకు తెలుసు. నిన్న రాత్రి మొదటి రెండూ గుసగుసగా అయ్యాయి. మూడోసారి పెంచబోయింది. గొంతు లేవలేదు, "మలికిల్" దగ్గరే జారిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ అక్కడే జారింది. ఐదోసారికో ఆరోసారికో పక్కగదిలో చదువుకుంటున్న మా అమ్మాయి లేచి వచ్చి గుమ్మంలో నిలబడి, ఆ మాటను గట్టిగా తను అంది. అమ్మ తల ఆడించి కళ్లు మూసుకుంది.

గొంతు లేవని మనిషి తరఫున మనవరాలు అంటే ఆ సున్నతు చెల్లినట్టేనా? ఫిఖ్హ్ విద్యార్థి గారు చెప్పినా సరే.